సవ్యసాచి అంటే ఆల్‌రౌండరేనా? ఆస్కార్, బర్డ్, లెబ్రాన్‌ల మీదుగా ఒక మాట

అచ్చుతప్పు:
బాస్కెట్‌బాల్ మీద వ్యాసం ఒకటి దిద్దుబాటులో ఉంది. అందులో వాక్యం ఇది: “పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు మూడింటా చెలరేగిన ఆస్కార్ రాబర్ట్‌సన్ తర్వాత ఎన్‌బీఏ చూసిన అసలు సిసలు సవ్యసాచి లెబ్రాన్ జేమ్స్.” (ఎన్‌బీఏ అమెరికా ప్రొఫెషనల్ లీగు. తప్పిన షాట్ బంతిని అందుకోవడం రీబౌండ్, సాటివాడు బుట్టలో వెయ్యడానికి దారితీసిన పాసు అసిస్టు.) రెండు సందేహాలు. సవ్యసాచిని ఆల్‌రౌండర్ అనే అర్థంలో పత్రికలు ఎప్పటినుంచో వాడుతున్నాయి కదా, వదిలేయవచ్చా? 1960లనాటి ఆటగాణ్నీ ఇప్పటి ఆటగాణ్నీ ఇలా ఒకే గాట కట్టవచ్చా?

పదమూలం:
అచ్చుతప్పు గారూ, మొదటి సందేహానికి జవాబు విరాటపర్వంలో ఉంది. ఉత్తర గోగ్రహణంలో బృహన్నల తానే అర్జునుణ్నంటే ఉత్తరుడు నమ్మడు. పది పేర్లూ, వాటి కారణాలూ చెప్పమంటాడు. పిడుగు పడితే మన ఇళ్లలో తలుచుకునే “అర్జునః ఫల్గుణః పార్థః కిరీటీ శ్వేతవాహనః” వరసలోని పేర్లే అవి. సవ్యసాచి దగ్గరికొచ్చేసరికి అర్జునుడు చెప్పేది ఇదీ:

“ఉభౌ మే దక్షిణౌ పాణీ గాండీవస్య వికర్షణే
తేన దేవమనుష్యేషు సవ్యసాచీతి మాం విదుః”

గాండీవం లాగేటప్పుడు నా రెండు చేతులూ కుడిచేతులే, అందుకే నన్ను సవ్యసాచి అంటారు అని. విల్లూ గదా కత్తీ అన్నీ వచ్చునని ఇందులో ఎక్కడా లేదు. విద్య ఒకటే, చేతులు రెండు.

గందరగోళం ‘సవ్య’ దగ్గర మొదలైంది. అమరకోశం “వామం శరీరం సవ్యం స్యాత్, అపసవ్యం తు దక్షిణమ్” అంటుంది. అంటే సవ్యం ఎడమ. జంధ్యం ఎడమ భుజం మీద ఉంటే సవ్యం అనే వాడుక ఇంకా బతికే ఉంది. మామూలు తెలుగులో మాత్రం సవ్యంగా అంటే సరిగ్గా అని స్థిరపడింది. దాంతో సవ్యసాచి అంటే అన్ని పనులూ సవ్యంగా చేసేవాడు అనుకునేవాళ్లు తయారయ్యారు.

నటన, దర్శకత్వం రెండూ చేసినవారిని సవ్యసాచి అంటే నాకు అభ్యంతరం లేదు. రెండు చేతుల మాట రెండు రంగాలకు పాకింది, అది సహజం. క్రికెట్‌లో బ్యాటింగూ బౌలింగూ కూడా అంతే. మూడింటికీ నాలుగింటికీ సాగదీస్తే ఆ ‘రెండు’ జారిపోతుంది. బాస్కెట్‌బాల్‌లో అయితే రెండు చేతులూ సమానంగా ఆడటం అనేది విడిగా ఒక విద్య. అక్కడ అసలు అర్థం పనికొస్తుంటే దాన్ని వదులుకుని అరువు అర్థం ఎందుకు?

బేస్‌లైన్:
పదమూలం గారి చివరి మాట దగ్గర అందుకుంటాను. ఒక ఆటగాడికి రెండు చేతులూ కుడిచేతులేనా అన్నది కోర్టులో చూసి తేల్చుకోవచ్చు.

అన్నిటికంటే తేలిక ఎడమవైపు లే-అప్, అంటే రింగు దగ్గరికి పరుగెత్తి ఎగిరి బంతి వెయ్యడం. ఎడమచేత్తో వెయ్యాలంటే చివరి రెండు అడుగులు ఎడమ, కుడి. కుడికాలి మీద లేవాలి, ఎడమ మోకాలు పైకి రావాలి. రింగు వెనక బోర్డు మీద గీసిన పెట్టె 24 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు ఉంటుంది. దాని దగ్గరి పైమూలకు బంతి మెత్తగా తగలాలి. ఎడమచెయ్యి రానివాడు ఇక్కడ మూడు తప్పులు చేస్తాడు. అలవాటు కొద్దీ ఎడమకాలి మీదే లేస్తాడు, ఒళ్లు మెలితిరిగి బంతి గట్టిగా బోర్డుకు కొట్టుకుంటుంది. లేదా చివరి క్షణంలో బంతిని ఒంటికి అడ్డంగా కుడిచేతికి తెచ్చుకుంటాడు, మధ్యలో ఉన్న డిఫెండర్ దాన్ని తట్టేస్తాడు. లేదా కళ్లు రింగు మీద ఉండాల్సింది బంతి మీదకు దిగుతాయి.

దీనికి పాత విరుగుడు మైకన్ డ్రిల్. రింగు కింద నిలబడి కుడిపక్క కుడిచేత్తో వేసి, వలలోంచి జారిన బంతిని నేల తాకనివ్వకుండా, గడ్డం కిందికి దించకుండా పట్టి, ఒక అడుగు పక్కకేసి ఎడమపక్క ఎడమచేత్తో వెయ్యాలి. ఆపకుండా. జార్జ్ మైకన్ 6 అడుగుల 10 అంగుళాల మనిషి, రెండు చేతులతోనూ హుక్ షాట్ (చెయ్యి చాపి తల మీదుగా వంపుగా విసిరేది) వేసేవాడు. రింగు కింద అతన్ని ఆపలేకే 1951లో రింగు ముందున్న గీతల మధ్య, దాడిచేసేవాడు ఎక్కువసేపు నిలబడకూడని చోటు వెడల్పు 6 అడుగుల నుంచి 12కు పెంచారు.

లే-అప్ తర్వాతి మెట్టు ఒత్తిడిలో ఎడమచేతి డ్రిబుల్ (బంతిని నేలకు కొడుతూ కదలడం). ఊరికే ఎడమకు మార్చి మళ్లీ కుడికి తెచ్చుకోవడం లెక్కలోకి రాదు. డిఫెండర్ కుడిదారి మూసేసినా ఎడమచేత్తోనే రింగు దాకా వెళ్లగలగాలి. ఆ పైమెట్టు ఎడమచేతి పాసు. డ్రిబుల్ మీదే, బంతిని రెండు చేతుల్లోకి తీసుకోకుండా, ఒక్క చేత్తో మూలనున్న వాడికి విసరాలి. రెండు చేతుల్లోకి తీసుకున్న ఆ అరక్షణంలోనే పాసు దారి మూసుకుపోతుంది. నా లెక్కలో అసలు పరీక్ష ఇదే, చాలామంది గొప్పవాళ్లు ఇక్కడ ఆగిపోతారు.

ఇప్పుడు కాలాల సంగతి. 1950ల మేటి ఆటగాడు బాబ్ కూజీ చిన్నప్పుడు చెట్టు మీంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అది నయమయ్యేదాకా ఎడమచేత్తో ఆడి రెండో చెయ్యి తెచ్చుకున్నాడు. అతని పాత ఫిల్ము చూసి “ఇదేం డ్రిబుల్, ఇప్పటి కాలేజీ కుర్రాడు ఇంతకంటే బాగా తిప్పుతాడు” అనేవాళ్లున్నారు. అది అన్యాయం. అప్పట్లో చెయ్యి బంతి పైభాగం దాటి పక్కకో కిందికో జారితే రెఫరీ ఈల వేసేవాడు. అరచేతిని బంతి పైనే ఉంచి, ఎత్తు తక్కువగా కొడుతూ, దిశ మార్చడం కష్టమైన పని. ఇప్పుడు చెయ్యి బంతి పక్కన ఆనించి, క్షణం పాటు మోసుకెళ్లి, అవతలికి లాగడం మామూలైపోయింది. అలెన్ ఐవర్సన్ క్రాసోవర్ (బంతిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి చటుక్కున మార్చడం) లాంటిది కూజీ వేసి ఉంటే బంతి అవతలి జట్టుకు ఇచ్చేసేవారు. అందుకని పాతవాళ్ల డ్రిబుల్‌ను ఇప్పటివాళ్ల పక్కన పెట్టే ముందు ఆనాటి ఈల ఎక్కడ పడేదో చూడాలి.

రింగు ఎత్తు 10 అడుగులు, అది అప్పుడూ ఇప్పుడూ ఒకటే. కాబట్టి రింగు దగ్గర చేతుల పనితనాన్ని మాత్రం కాలంతో పనిలేకుండా పోల్చవచ్చు. ల్యారీ బర్డ్ రాసేది ఎడమచేత్తో, షాట్ వేసేది కుడిచేత్తో. 1986 ఫిబ్రవరి 14న పోర్ట్‌లాండ్‌లో కావాలనే ఎడమచేతికి పనిచెప్పి 47 పాయింట్లు, 14 రీబౌండ్లు, 11 అసిస్టులు చేశాడు. అతని జట్టు బోస్టన్ ఓవర్‌టైమ్‌లో ఒక్క పాయింటుతో గెలిచింది. మైకేల్ జోర్డన్ 1991 ఫైనల్స్ రెండో ఆటలో కుడిచేత్తో బంతి ఎత్తి, గాల్లో ఉండగానే ఎడమచేతికి మార్చి బోర్డుకు తాకించి వేశాడు. కైరీ ఇర్వింగ్ కుడిచేతివాటం మనిషి. 2024 మార్చిలో డెన్వర్ మీద గడియారం ఆగిపోయే క్షణంలో నికోలా యోకిచ్ చేతుల మీదుగా ఎడమచేత్తో హుక్ వేసి తన జట్టు డాలస్‌ను గెలిపించాడు.

ఇక లెబ్రాన్. అతను కూడా రాసేది ఎడమచేత్తో, షాట్ కుడిచేత్తో. డ్రిబుల్ మీద ఎడమచేతి పాసు అతనికి కొట్టినపిండి. కాబట్టి అచ్చుతప్పు గారూ, మీ వాక్యంలో ఆ మాట సరైన మనిషికే తగిలింది, చెప్పిన కారణమే తప్పు.

మంజీర:
మరి మూడింటా మేటి అన్న సంగతికి విలువ లేదా? ఆస్కార్ 1961–62లో సగటున 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్టులు చేశాడు. దానికో మంచి తెలుగు మాట కావాలి కదా.

బేస్‌లైన్:
విలువ ఉంది మంజీర గారూ, అయితే అంకెను ఉన్నదున్నట్టు ఇప్పటికి తెచ్చుకోకూడదు. ఆ ఏడాది ఒక్కో జట్టు ఆటకు సుమారు 108 షాట్లు వేసేది, ఇప్పుడు 90కి అటూఇటూ. షాట్లు ఎక్కువ, తగిలేవి తక్కువ, కాబట్టి రీబౌండ్లు గుట్టలుగా ఉండేవి: జట్టుకు ఆటకు 71 దాకా. రస్సెల్ వెస్ట్‌బ్రూక్ 2016–17లో 31.6, 10.7, 10.4 చేసినప్పుడు జట్టు సగటు 43–44. ఆనాటి సగటు జట్టు రీబౌండ్లలో ఆస్కార్‌ది నూటికి 17, 18 పాళ్లయితే, వెస్ట్‌బ్రూక్‌ది దాదాపు 25. పైగా ఆస్కార్ ఆటకు 44 నిమిషాలు ఆడాడు, వెస్ట్‌బ్రూక్ 35 లోపే.

అసిస్టుల్లో ఈ తేడా రాదు, జట్టు సగటు రెండు కాలాల్లోనూ 22, 24 మధ్యే. అంటే ఆస్కార్ రీబౌండ్ల అంకెను తగ్గించుకుని చదవాలి, అసిస్టుల అంకెను ఉన్నదున్నట్టు చదవవచ్చు.

అదే ఏడాది విల్ట్ చాంబర్లెయిన్ 50.4 సగటుకూ ఇదే పద్ధతి. ఆటకు వేసిన షాట్లు 39.5, ఫ్రీత్రోలు (ఫౌల్‌కు దక్కే ఉచిత షాట్లు) 17. ఫ్రీత్రోల సంఖ్యను 0.44తో గుణించి షాట్లకు కలిపి, ఆ మొత్తాన్ని రెట్టింపు చేసి, పాయింట్లను దానితో భాగిస్తే, ప్రయత్నాలు ఎంతమేరకు ఫలించాయో చెప్పే అంకె వస్తుంది: 0.536. లీగు సగటు అప్పుడు 0.48 దగ్గర. స్టెఫెన్ కరీ 2015–16లో 30.1 పాయింట్లు, 20.2 షాట్లు, 5.1 ఫ్రీత్రోలు: 0.67. లీగు సగటు 0.54. తన కాలపు సగటు మీద విల్ట్ 0.056 ఎత్తున ఉంటే కరీ 0.13 ఎత్తున ఉన్నాడు. మూడు పాయింట్ల గీత 1979–80లో వచ్చింది, విల్ట్‌కు అది లేదు. అయినా తన సాటివాళ్లకూ లేదు కాబట్టి సగటుతో పోల్చడం న్యాయమే.

పదమూలం:
మూడింటా రాణించినవాడికి ‘బహుముఖ ప్రజ్ఞ’ ఉండనే ఉంది. బరువనిపిస్తే ‘అన్నింటా ఆరితేరినవాడు’ అనండి. ఆల్‌రౌండర్ అని తెలుగు లిపిలో రాసినా తప్పులేదు, ఆ మాట తెలియని తెలుగు పాఠకుడు లేడు.

గుండ్లకమ్మ:
సంస్కృతం వద్దనుకుంటే మనకేం ఉంది? చేతివాటం అనవచ్చా?

పదమూలం:
అస్సలు వద్దు గుండ్లకమ్మ గారూ. ఎడమచేతి వాటం, కుడిచేతి వాటం అంటే అలవాటు. కొన్ని చోట్ల పుర్రచేతి వాటం అంటారు, అదీ మంచి మాటే. ముందు ఎడమో కుడో లేకుండా ఉత్త ‘చేతివాటం’ అంటే చిల్లర దొంగతనం. “లెబ్రాన్ చేతివాటం” అని శీర్షిక పెడితే పాఠకుడు పోలీసు వార్త అనుకుంటాడు. ‘రెండు చేతుల వాటం’ అనండి, వినగానే అర్థమవుతుంది. కాడికి కట్టిన ఎడ్లలో ఎడమది దాపటెద్దు, కుడిది వలపటెద్దు. దాపల, వలపల అన్నవి ఎడమకూ కుడికీ మన సొంత మాటలు. “దాపలా వలపలా ఒకే జోరుతో దూసుకెళ్లాడు” అని ఆట వర్ణనలో రాస్తే నాకైతే ఇష్టం.

మంజీర:
దాపల, వలపల అంటే నగరాల్లో పెరిగినవాళ్లకు తెలియకపోవచ్చు. మొదటిసారి వాడినప్పుడు పక్కనే ఎడమ, కుడి అనే మాటలు కూడా పడాలి.

గుండ్లకమ్మ:
ఇంకొకటి. పాత ఫొటోల్లో అందరూ బంతిని రెండు చేతులతో పట్టి విసురుతుంటారు. వాళ్లనేమనాలి?

బేస్‌లైన్:
అది రెండు చేతుల సెట్ షాట్. కాళ్లు నేల మీదే ఉంచి, ఛాతీ దగ్గర నుంచి రెండు చేతులతో నెట్టేవారు. రెండు చేతులూ కలిసి ఒకే పని చేస్తాయి, దానికీ సవ్యసాచికీ సంబంధం లేదు. ‘రెండు చేతులతో’, ‘రెండు చేతులతోనూ’ అన్న వాటి మధ్య ఆ ‘నూ’ దగ్గరే తేడా అంతా ఉంది. 1936 డిసెంబరు 30న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో హ్యాంక్ లుయిసెట్టి ఒంటిచేతి షాట్లతో స్టాన్‌ఫర్డ్ జట్టును గెలిపించి, లాంగ్ ఐలాండ్ యూనివర్సిటీ 43 వరస విజయాలకు అడ్డుకట్ట వేశాడు. ఒంటిచేతి షాట్ దేశమంతా పాకింది ఆ తర్వాతే.

ఒంటిచేతి షాట్‌లో రెండో చెయ్యి పక్కన ఆసరాగా ఉంటుందంతే. వదిలేటప్పుడు దాని బొటనవేలు బంతిని నెడితే షాట్ పక్కకు పోతుంది. మణికట్టు, మోచెయ్యి, చూపు ఒకే గీతలో ఉండాలి, వేల సార్లు అదే కదలిక రావాలి. అందుకే జంప్ షాట్‌ను రెండు చేతులతోనూ సమానంగా వేసినవాడు ఎన్‌బీఏ మేటి ఆటగాళ్లలో లేడు. ట్రిస్టన్ థాంప్సన్ 2013లో షాట్ వేసే చేతిని ఎడమ నుంచి కుడికి మార్చుకున్నాడు, కానీ అది చెయ్యి మార్చడం. రెండూ ఉంచుకోవడం కాదు. బాస్కెట్‌బాల్‌లో సవ్యసాచి అన్న మాట డ్రిబుల్‌కూ, పాసుకూ, రింగు దగ్గర ముగింపుకూ వర్తిస్తుంది. దూరపు షాట్‌కు వర్తించదు.

అచ్చుతప్పు:
వాక్యాన్ని రెండుగా విడగొడుతున్నాను. ఆస్కార్‌ను అసిస్టుల దగ్గర ఉంచి, లెబ్రాన్‌కు “ఎడమచేత్తో రాసి కుడిచేత్తో షాట్ వేసే సవ్యసాచి” అని పెడుతున్నాను. చివరి సందేహం: అదే వ్యాసంలో బిల్ రసెల్‌ను కూడా సవ్యసాచి అన్నారు. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి అట.

పదమూలం:
అది కొట్టేయండి. ఎడమచెయ్యి ఒక్కటే ఉంటే సవ్యం ఉంది, రెండో చెయ్యి ఏదీ? రెండూ దక్షిణం కావాలి.

బేస్‌లైన్:
రసెల్ ఎడమచేతికి వేరే విలువ ఉంది, అది రాయమనండి. షాట్ వేసేవాళ్లలో ఎక్కువమంది కుడిచేతివాళ్లు. ఎదురుగా నిలబడితే వాళ్ల కుడిచేతికి సరిగ్గా అభిముఖంగా వచ్చేది డిఫెండర్ ఎడమచెయ్యి. కుడిచేతి డిఫెండర్ చెయ్యి అడ్డంగా చాపాలి, అప్పుడు షాట్ వేసేవాడి చేతికో ఒంటికో తగిలి ఫౌల్ పడుతుంది. రసెల్ నిటారుగా లేస్తే చాలు. పైగా బంతిని ప్రేక్షకుల్లోకి కొట్టకుండా సాటివాడి చేతికి తట్టేవాడు. 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిచిన ఈ మనిషి బ్లాకుల (అవతలివాడి షాట్‌ను గాల్లోనే అడ్డుకోవడం) లెక్క అధికారికంగా ఎక్కడా లేదు. ఎన్‌బీఏ బ్లాకులు రాయడం మొదలుపెట్టింది 1973–74లో, అతను 1969లోనే ఆట మానేశాడు. అందుకని బ్లాకుల పట్టికలో రసెల్ పేరు లేదని ఇప్పటివాళ్ల కంటే తక్కువగా రాసి ఉంటే ఆ పేరా కూడా దిద్దండి.