‘హైమ్‌గాంగ్’: ఇంటికెళ్ళడమంటే ఏ ఇంటికి?

ప్రశ్న: 18వ శతాబ్దపు మొరేవియన్ క్రైస్తవులు రాసుకున్న జీవితకథలు తెలుగులోకి అనువదిస్తున్నాను. పోయిన ఆత్మీయులు కలలో కనిపించిన సంగతులు కొన్నిట్లో వస్తాయి. చావుకు వాళ్ళ జర్మన్ మాట ‘హైమ్‌గాంగ్’. తెలుగులో ‘పరమపదించారు’ అనొచ్చా, మన చర్చిల్లోలాగా ‘ప్రభువునందు నిద్రించారు’ అనాలా?

జవాబు: రెండూ వద్దండీ. హైమ్ అంటే ఇల్లు, గాంగ్ అంటే వెళ్ళడం. నిద్రించారంటే ఆ నడక పోతుంది, పరమపదమంటే ఆ ఇల్లు పోతుంది. ఇప్పటి చెక్ దేశంలో ఉన్న మొరేవియాలో తమ విశ్వాసాన్ని బతకనివ్వక పారిపోయి వచ్చినవాళ్ళు 1722లో జర్మనీలోని సాక్సనీలో, తర్వాత తమకు నాయకుడైన కౌంట్ జిన్‌జెన్‌డార్ఫ్ ఎస్టేట్‌లో హెర్న్‌హూట్ ఊరు కట్టుకున్నారు. పుట్టిన ఇల్లు వదులుకున్నవాళ్ళు చావును ‘ఇంటికెళ్ళడం’ అన్నారంటే నాకు గుండె బరువెక్కుతుంది.

అయితే ఏ ఇంటికి? తెలుగులో ఆడమనిషికి రెండిళ్ళు కదా. జిన్‌జెన్‌డార్ఫ్ బోధలో ఆత్మలన్నీ స్త్రీలే, మగవాళ్ళవి కూడా; క్రీస్తు ఒక్కడే వరుడు. మన కీర్తనల్లోని నాయికాభావం తెలిసినవాళ్ళకు ఇది కొత్తేం కాదు. అంటే ఆ ఇల్లు పుట్టిల్లు కాదు, అత్తిల్లు. మన మాటల్లో దానికి దగ్గరగా వచ్చేది ‘కాపురానికి వెళ్ళడం’.

ఇక కల సంగతి. పాత జర్మన్‌లో ‘మీర్ ట్రోయ్మ్‌టె’ అంటారు, ‘నాకు కల వచ్చింది’ అన్నట్టే. కల కన్నది నేనని కాదు, అది నా దగ్గరికి వచ్చిందని. ఇంగ్లీషులోకి వెళితే ఆ ‘నాకు’ కాస్తా ‘నేను’ అయిపోతుంది. మనకా బాధ లేదు. పోయినవాళ్ళ గురించి ‘కల్లోకొచ్చారు’ అని ఇంకో అడుగు ముందుకేస్తాం కూడా.

మా నాయనమ్మ తెల్లారి లేచి, ‘మీ తాత కల్లోకొచ్చాడ్రా, మంచినీళ్ళడిగాడు’ అని ఆయన ఫోటో ముందు ఇత్తడి గ్లాసుతో నీళ్ళు పెట్టేది. సాయంత్రం ఆ నీళ్ళు తులసి కోటలో పోసేది. హైమ్‌గాంగ్ అన్న మాట పక్కన ఈ దాహం నిలవదనిపిస్తుంది. ఇల్లు చేరినవాళ్ళకు ఇంకేం కావాలి? మొరేవియన్లు వాళ్ళను ‘పై సంఘం’ అనేవారు. సభ్యత్వం పోలేదు, ఊరు మారారు, అంతే. అందుకే ఆ కలల దగ్గర ‘ప్రేతాత్మ’ అన్న మాట దయచేసి రానివ్వకండి.

ప్రశ్న: సమాధుల తోటను ‘గోటెస్‌ఆకర్’ అంటారు. ‘దేవుని పొలం’ అంటే మరీ మాటకు మాట పెట్టినట్టుండదా?

జవాబు: ఉంచేయండి. మన బైబిల్లోనే ‘శరీరము క్షయమైనదిగా విత్తబడి అక్షయమైనదిగా లేపబడును’ అని ఉందిగా. విత్తనం వేసేది పొలంలోనే. అక్కడ ధనికుడికీ పేదకీ నేలకు ఆనించిన ఒకే రకం బల్లపరుపు రాళ్ళు. కుటుంబాల వారీగా పూడ్చరు. మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు. భర్త పోతే విధవరాళ్ళ బృందంలో చేరేవారు, చాలాచోట్ల ఉమ్మడి ఇళ్ళలో ఉండేవారు. రేపు తానూ పోతే ఆయన పక్కన చోటుండదు. అలాంటి మనిషి రాసిన కలను ‘స్వప్నదర్శనం’ అని ఎత్తుపీట ఎక్కించకండి.

ప్రశ్న: విధవరాలి నోట ‘కాపురానికెళ్ళిన మా ఆయన’ అంటే తప్పర్థం రాదూ?

జవాబు: వస్తుంది, నిజమేనండీ. మీ మాటే సరి. కాపురం సంగతి ముందుమాటలో చెప్పి, వాక్యంలో ఇల్లొక్కటే ఉంచుదాం: ‘నాకన్నా ముందు ఇంటికెళ్ళిన మా ఆయన రాత్రి కల్లోకొచ్చాడు.’