నీళ్లు కాపాడే పథకాల కబురు రైతే వెతుక్కోవాలా, ఆఫీసే ఊరికి చేర్చాలా?

మెట్టరైతు (అనంతపురం జిల్లా):
బోరు కింద మూడెకరాల చీనీ తోట మాది. పక్క తోటాయనకు 90 శాతం సబ్సిడీతో డ్రిప్పు వచ్చింది. ఆయన గట్టు మీద పైపుల చుట్టలు దించేదాకా మాకు కబురే లేదు. మా ఊరి రైతు సేవా కేంద్రం గోడ మీద యూరియా ఎన్ని బస్తాలుందో రాసి ఉంటుంది. డ్రిప్పుకు పేర్లు ఎప్పుడు రాసుకుంటారో మాత్రం ఉండదు. కరువు జిల్లాలో ఈ సంగతి చెప్పాల్సింది వాళ్లు కాదా?

పాత ఉద్యోగి (వ్యవసాయ శాఖ, రిటైర్డ్):
తమ్ముడూ, రైతు అడగాల్సిందేనని నేనంటాను. ఒకప్పుడు ప్రతిదానికీ మండలం పోవాల్సి వచ్చేది. 2020లో ఊరూరా రైతు భరోసా కేంద్రాలు పెట్టారు, ఇప్పటి రైతు సేవా కేంద్రాలు అవే. అక్కడ వ్యవసాయ సహాయకుడో ఉద్యాన సహాయకుడో ఉంటారు. ఆధార్, పాసు పుస్తకం తీసుకెళ్లి, బోరుకు కరెంటు కనెక్షన్ ఉందని చూపించి పేరు రాయించుకోండి. ఈ-క్రాప్ (ఏ పొలంలో ఏ పంట ఉందో ఆన్‌లైన్‌లో ఎక్కించడం) నమోదు, విత్తనాలు, బీమా, ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు చూడటం) అన్నీ ఆ ఒక్క మనిషి మీదే ఉన్నాయి. ఆయన ఇంటింటికీ వచ్చి చెప్పడం అయ్యే పని కాదు.

మెట్టరైతు:
అడగాలంటే ముందు ఫలానా పథకం ఉందని తెలియాలి కదా సార్. డ్రిప్పు సూక్ష్మ సేద్యం ప్రాజెక్టు వాళ్లది. పొలంలో నీటికుంట కావాలంటే ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంటును పట్టుకోవాలి, గ్రామసభలో పనుల జాబితా రాసేటప్పుడే మన పేరు ఎక్కాలి. వానలకు ముందే నవధాన్యాలు చల్లించే ప్రకృతి సేద్యం ప్రభుత్వ రైతు సాధికార సంస్థది, ఆ కబురు మహిళా సంఘాల ద్వారా వస్తుంది. ఇంట్లో ఎవరూ సంఘంలో లేని రైతుకు అది చేరదు. పైగా డ్రిప్పుకు ఏటా జిల్లాకు ఇన్ని హెక్టార్లని లక్ష్యం పెడతారు. ఆలస్యంగా తెలిసినవాడికి మళ్లీ ఏడాదే. మధ్యలో డ్రిప్పు కంపెనీలకు ప్రభుత్వం ఇవ్వాల్సిన బకాయిలతో పథకమే కొన్నేళ్లు ఆగింది, మళ్లీ మొదలైందని చాలామందికి తెలియలేదు.

పాలమూరు రైతు:
తెలంగాణలో సుమారు 5 వేల ఎకరాలకు ఒక ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) ఉంటారు, రైతు వేదికలున్నాయి. అయినా అడిగినోళ్లకే తెలుస్తుంది. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే చెప్తరు.

కౌలు వేరుశనగ (కదిరి వైపు):
అన్నా, మీ అందరికీ పాసు పుస్తకం ఉంది. నాలాంటోడు అడిగినా, వాళ్లే ఇంటికొచ్చి చెప్పినా ఒకటే. ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు కార్డు 11 నెలలే చెల్లుతుంది, అదీ భూయజమాని సంతకం పెడితేనే. దాంతో పంట రుణం, బీమా అడగొచ్చు. డ్రిప్పు రాదు.

పాత ఉద్యోగి:
కౌలు రైతుకు అసలే రాదనడం సరికాదు. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో కౌలు భూమికీ సాయం ఉంది. కనీసం ఏడేళ్ల కౌలు ఒప్పందం చూపించాలి.

కౌలు వేరుశనగ:
ఏడేళ్లకు కాగితం రాసిస్తే భూమి చేజారిపోతుందేమోనని ఆసామికి భయం సార్. 11 నెలల కార్డుకే సంతకం పెట్టరు. ఒకసారి సబ్సిడీ తీసుకుంటే అదే భూమికి ఏడేళ్లదాకా మళ్లీ ఇవ్వరు కాబట్టి, ఆ అవకాశం కౌలుదారుకు ఎందుకు వదులుకోవాలనీ చూస్తారు. వాళ్లను తప్పుపట్టను. నిబంధన రాసినవాళ్లే మా సంగతి ఆలోచించలేదు. వేరుశనగకు స్ప్రింక్లర్లే వాడతాం. ఆ అల్యూమినియం, హెచ్‌డీపీఈ పైపులు విప్పి బండి మీద వేసుకుని ఇంకో పొలంలో బిగించుకోవచ్చు. భూమిలో పాతేది కాదు కదా, దానికి ఏడేళ్ల ఒప్పందం ఎందుకు? కార్డు ఉన్న కౌలుదారు పేరు మీదే సెట్ ఇవ్వొచ్చు.

మెట్టరైతు:
నీ మాట న్యాయం తమ్ముడూ. పేర్ల నమోదు ఏ తేదీన మొదలవుతుందో, జిల్లా లక్ష్యంలో మండలానికి ఎంత వచ్చిందో రైతు సేవా కేంద్రం గోడ మీద రాయాలని గ్రామసభలో అడుగుతాను. స్ప్రింక్లర్ల సంగతి నువ్వు కాగితం మీద రాసివ్వు, అదే సభలో రెండూ కలిపి ఇద్దాం.