అప్‌డేట్: విజయవాడలోనే రీసెర్చ్ టాపిక్ దొరికింది

జాగ్రఫీలో ఎంఏ అయింది, కల్చరల్ జాగ్రఫీలో పీహెచ్‌డీ చేయాలనుంది, విజయవాడ వదలకుండా ఏ టాపిక్ తీసుకోవచ్చని అడిగాను కదా. దుర్గమ్మ గుడి ఉన్న ఇంద్రకీలాద్రినీ మేరీమాత చర్చి ఉన్న గుణదల కొండనూ కలిపి చూడమని ఒకరు చెప్పారు. అదే తీసుకున్నాను, గైడ్‌గారు కూడా సరేనన్నారు.

సంస్కృతి కర్త, సహజ ప్రదేశం మాధ్యమం, సాంస్కృతిక భూదృశ్యం ఫలితం అని అమెరికన్ జాగ్రఫర్ కార్ల్ సావర్ 1925లో రాశాడు. అంటే ఒక చోటి నేలను అక్కడి మనుషుల సంస్కృతి మార్చి కొత్త రూపం ఇస్తుందని. ఇంద్రకీలాద్రి దగ్గర అది కళ్లారా కనిపిస్తుంది. దీక్షా విరమణకు ఎర్రబట్టల్లో భవానీలు ఇరుముడులతో వచ్చి గిరి ప్రదక్షిణ చేసే రోజుల్లో ఆ రోడ్లు మామూలు రోడ్లు కావు. ట్రాఫిక్ దారి మారుతుంది, ఇళ్ల అరుగులు దుకాణాలవుతాయి.

నాకు బాగా పనికొచ్చింది కొబ్బరికాయలమ్మే ఒక పెద్దమ్మ. భవానీల రోజుల్లో దుర్గమ్మ కొండ కింద, ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాలకు గుణదలలో బండి పెడుతుంది. "కాయ ఒకటే, అమ్మలే ఇద్దరు" అంది. గుణదలలోనూ కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు. మతాల వారీగా గీసిన మ్యాపులో ఆమె బండికి చోటుండదు. అందుకే గుళ్లూ చర్చిలూ కాకుండా ఇలాంటి వాళ్లు తిరిగే దారులనే క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో గీస్తున్నాను. అది ఉచితమే, ఖర్చు టెన్షన్ లేదు.

పాత వన్‌టౌన్ ఫొటోలు ఇంట్లో ఉన్నవాళ్లు చూపిస్తే చాలా మేలవుతుంది.