పాత డెస్క్‌టాప్: ఫార్మాట్ చేయకుండా బాగుచేసుకోవచ్చా?

ప్రశ్న – కృష్ణాతీరం

మా నాన్నగారు తెనాలిలో చాలాకాలం డీటీపీ (కంప్యూటరులో అచ్చుకు పేజీలు కూర్చే) పని చేశారు. ఇప్పుడు అడిగినవారికి ఇంట్లోనే శుభలేఖలు, గుడి కరపత్రాలు చేసిపెడుతుంటారు. ఆయన కంప్యూటరులో నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు, విండోస్ 10 ఉన్నాయి. ఆన్ చేశాక అది పనికి సిద్ధమయ్యేలోగా కాఫీ తాగి రావచ్చు. కాసేపటికి ఫ్యాను హోరు మొదలవుతుంది. అన్నిటికన్నా వింత ఏమిటంటే, ప్లగ్ తీసిన ప్రతిసారీ తేదీ కొన్నేళ్లు వెనక్కి పోతున్నది. ఆ తరువాత ఏ వెబ్‌సైటు తెరిచినా కనెక్షన్ సురక్షితం కాదనే హెచ్చరిక వస్తున్నది. వైరస్ పట్టిందనీ, ఫార్మాట్ చేయక తప్పదనీ దుకాణంలో చెప్పారు. అనూ స్క్రిప్ట్ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేరుతో, పేజ్‌మేకర్ అనే పేజీల అమరిక ప్రోగ్రాములో చేసిన ఫైళ్లన్నీ అందులోనే ఉన్నందున నాన్నగారు ససేమిరా అంటున్నారు. ఫార్మాట్ జోలికి పోకుండా మేము చేసుకోగలిగింది ఏమైనా ఉన్నదా?

జవాబు – పాత మదర్‌బోర్డు

తేదీ వెనక్కి పోవడానికి వైరస్ కారణం కాదండీ. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. వెబ్‌సైటు సర్టిఫికెట్లకు చెల్లుబాటు తేదీలు ఉంటాయి. కంప్యూటరు తానింకా పాత సంవత్సరంలోనే ఉన్నాననుకుంటే ఆ సర్టిఫికెట్లను నమ్మదు. చిల్లర ఖర్చుతో ఆ బ్యాటరీ మార్చి, తేదీ సరిచేస్తే రెండు సమస్యలూ ఒకేసారి పోతాయి.

ఇక ఫ్యాను హోరుకు కారణమయ్యే దుమ్ము సంగతి. కరెంటు తీగ పూర్తిగా పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కిపట్టి, క్యాబినెట్‌ను వరండాలోకి తెచ్చుకోండి. మెత్తటి పెయింట్ బ్రష్షుతో దుమ్ము కదిలించి, బ్లోయరుతో ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపకపోతే అది అతివేగంగా తిరిగి బేరింగు దెబ్బతింటుంది. వాక్యూమ్ క్లీనరు గొట్టంలో స్థిరవిద్యుత్తు పుడుతుంది కనుక దాన్ని బోర్డు దగ్గరకు తేవద్దు. లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బాను బయటినుంచి ఊదితే చాలు, విప్పకూడదు. ప్రాసెసరును చల్లబరిచే కూలరు ఇంటెల్ కంపెనీదైతే నాలుగు మూలల ప్లాస్టిక్ పిన్నులను ఒక్కొక్కటిగా తాకి చూడండి. ఒక్కటి పట్టు వదిలినా కూలరు ప్రాసెసరుకు సరిగా ఆనదు, ఎంత తుడిచినా హోరు తగ్గదు. కూలరును పైకి తీస్తే మాత్రం ప్రాసెసరు వేడిని కూలరుకు చేరవేసే పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, బఠాణీ గింజంత కొత్త థర్మల్ పేస్టు పెట్టాల్సిందే.

జవాబు – డిస్కు వైద్యం

పై సలహాలు సరైనవే గానీ, వరుస మారాలని నా అభిప్రాయం. వయసు మళ్లిన హార్డ్ డిస్కు ఉన్న యంత్రాన్ని కదిలించే ముందు డిస్కు ఆరోగ్యం చూడాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాములో కరెంట్ పెండింగ్ సెక్టర్, రీఎలోకేటెడ్ సెక్టర్ అనే వరుసలు గమనించండి. పెండింగ్ అంటే డిస్కు సరిగా చదవలేక అనుమానంలో ఉంచిన చోట్లు, రీఎలోకేటెడ్ అంటే పాడయ్యాయని తేల్చి వాటి బదులు వేరే చోట్లు కేటాయించినవి.

పేజ్‌మేకర్ ఫైలును ఒక్కదాన్నే పెన్‌డ్రైవులోకి లాగితే కాపీ అయినట్టు కాదు. పెద్ద బొమ్మలు సాధారణంగా దానిలోపల ఉండవు, లింకులుగా ఉంటాయి. అందుకే ఫోల్డరును ఉన్నదున్నట్టు తీసుకోవాలి. అనూ ఫాంట్లు అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే యూనికోడ్ పద్ధతివి కావు. అవి లేని కంప్యూటరులో అదే ఫైలు అర్థంలేని గుర్తులతో తెరుచుకుంటుంది కాబట్టి ఫాంట్ ఫైళ్లను కూడా వెంట దాచండి, ముఖ్యమైన వాటికి పీడీఎఫ్ చేయించి ఉంచండి.

ప్రశ్న వేసినవారు – కృష్ణాతీరం

బ్యాటరీ మార్చాక తేదీ నిలబడింది, వెబ్‌సైట్లు మామూలుగా తెరుచుకుంటున్నాయి. కానీ క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పసుపు రంగులో హెచ్చరిక వచ్చింది, పెండింగ్ సెక్టర్ల వరుసలో సున్నా లేదు. డిస్కును డీఫ్రాగ్ (చెల్లాచెదురైన ఫైలు ముక్కలను ఒకచోట చేర్చడం) చేయమంటారా?

జవాబు – డిస్కు వైద్యం

వద్దండీ. డీఫ్రాగ్, డిస్కు లోపాలు వెతికే చెక్‌డిస్క్ రెండూ ఇప్పటికే అలసిన డిస్కును మరింత తిప్పుతాయి. నాన్నగారికి అన్నిటికన్నా విలువైన ఫోల్డరుతో మొదలుపెట్టి బయటి డిస్కులోకి కాపీ చేయండి. ఏదైనా ఫైలు దగ్గర ఆగిపోతే పట్టుబట్టకుండా దాన్ని వదిలి ముందుకు సాగండి. అంతా బయటపడ్డాక హార్డ్ డిస్కు బదులు 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) వేసి, విండోస్‌ను దానిమీద కొత్తగా ఎక్కించండి. అనూ, పేజ్‌మేకర్ ఇన్‌స్టాల్ డిస్కులు, కీలు చేతిలో ఉన్నాయో లేదో ముందే వెతుక్కోండి. లేకపోతే పాత డిస్కును ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి నకలు (క్లోన్) చేయించడమే దారి, పాడైన సెక్టర్ల వల్ల అది మధ్యలో ఆగినా ఆశ్చర్యం లేదు. ర్యామ్ కొంటే డీడీఆర్3 మాత్రమే అడగండి, డీడీఆర్4 ఆ స్లాటులో పట్టదు. కంప్యూటరు వేగం పెంచుతామనే రిజిస్ట్రీ క్లీనర్లు, బూస్టర్లు అనే ప్రోగ్రాముల జోలికి పోవద్దు. టాస్క్ మేనేజరులోని స్టార్టప్ ట్యాబులో, ఆన్ చేయగానే తమంతట మొదలయ్యేవాటిలో అక్కర్లేనివి ఆపితే సరిపోతుంది.

విండోస్ 10కు భద్రతా సవరణలు అందించే మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, నాలుగో తరం ప్రాసెసరు విండోస్ 11కు అనుమతించిన ప్రాసెసర్ల జాబితాలో లేదు. అందుచేత బ్యాంకు పనులు ఫోనులో చేసుకుని, ఈ యంత్రాన్ని ఇంటర్నెట్టుకు కలపకుండా డీటీపీకే ఉంచమంటాను.