బతికుండగానే కాగితాలన్నీ పిల్లలకు చూపించాలా?

వశిష్ఠ గట్టు: మా నాన్నగారు పోయి మూడు నెలలైంది. పెద్దకర్మ అయ్యాక బీరువా తెరిస్తే పట్టాదారు పాసుపుస్తకాలు, రెండు బీమా బాండ్లు, పాత శుభలేఖల మధ్య ఒక ప్రాంసరీ నోటు. లక్షన్నర. తేదీ చూస్తే మూడేళ్ళు దాటి నలభై రోజులు. కాలదోషం పట్టేసింది, ఇక కోర్టుకెళ్ళినా రాదు. తీసుకున్నాయన రాజోలు సంతలో ఎదురైతే బాగానే పలకరిస్తాడు, ఆ మాట మాత్రం ఎత్తడు. కొబ్బరి తోట కౌలు ఎంతకిచ్చారో, కాయల దింపు డబ్బు ఎవరివ్వాలో అమ్మకు తెలియదు. అందుకే నావన్నీ ఒక నోట్‌బుక్కులో రాశాను. ఇప్పుడే పిల్లలకు చూపించాలా, తాళంచెవి ఎక్కడుందో చెబితే చాలా?

పెన్షన్ మాస్టారు: తాళంచెవి చాలండి. 1996 నవంబరు తుపానుకు మా ఇంటి పెంకులు లేచిపోయి దస్తావేజులు తడిసి ముద్దయ్యాయి. రిజిస్ట్రారు ఆఫీసులో నకళ్ళు తీసుకున్నాం, కొంప మునగలేదు. ఖాతాలన్నిటికీ మా అబ్బాయిని నామినీగా పెట్టాను. ఇంక చూపించడానికేముంది?

అత్తిలి ఆడపడుచు: నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి మాస్టారూ, హక్కుదారు కాదు. సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది. వారసులందరికీ వాటా ఉంటుంది.

పెన్షన్ మాస్టారు: అది బీమా కేసమ్మా. 2015లో ఆ చట్టం మారింది. భార్యనో పిల్లలనో నామినీగా పెడితే ఆ డబ్బు వాళ్ళదే. సగం తెలిసి మాట్లాడితే ఎలా?

అత్తిలి ఆడపడుచు: బీమాకు మారింది. బ్యాంకు డిపాజిట్‌కు మారలేదు. మీరు చెప్పింది ఖాతాల సంగతి. పైన మీరే రాశారు, మళ్ళీ చదవండి.

కువైట్ తమ్ముడు: 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీలను పెట్టుకోవచ్చు. ఎవరికెంత శాతమో కూడా రాయొచ్చు. గొడవెందుకండీ?

పెన్షన్ మాస్టారు: బ్యాంకు నామినీ చేతికే ఇస్తుందా, ఇవ్వదా? అది చెప్పమనండి ఆవిడని.

లంక రైతు: అయ్యా, ఆయన అడిగింది నోట్‌బుక్కు గురించి. మాకు 2022 జూలై వరదలో బీరువా కింది అర దాకా నీళ్ళొచ్చాయి. ఏది రాసినా ప్లాస్టిక్ కవర్లో పెట్టి పై అరలో పెట్టండి. ఆయ్.

కువైట్ తమ్ముడు: ఫోను లాక్ కూడా రాయండి. మా అమ్మ పోయాక ఓటీపీలన్నీ ఆవిడ నంబరుకే. రీఛార్జి చేయక సిమ్ కూడా పోయింది.

అత్తిలి ఆడపడుచు: ఇస్తుంది మాస్టారూ, నామినీకే ఇస్తుంది. మా అన్నయ్యకీ అలాగే ఇచ్చింది. ఆ తర్వాత మా మాట అడిగినవాళ్ళు లేరు. 1985లో మన రాష్ట్రంలో ఆడపిల్లకు వాటా అని చట్టం వచ్చేనాటికి నాకు పెళ్ళయి ఏడాది. పెళ్ళైనవాళ్ళకు వర్తించదన్నారు. 2005లో దేశమంతటికీ సవరణ వచ్చి పెళ్ళైనవాళ్ళకూ ఇచ్చారు. అప్పటికి మా ఇంట్లో పంపకాల దస్తావేజు 1999లోనే రిజిస్టరైపోయింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలు కదలవు. ఆ దస్తావేజు ఉందని నాకు ఎప్పుడు తెలిసిందో తెలుసా? నాన్న పోయిన పదిహేనో రోజున. ట్రంకుపెట్టె తాళంచెవి వదిన చేతిలో ఉంది. మీరు చాలంటున్నది ఆ తాళంచెవే.

పెన్షన్ మాస్టారు: మీ ఇంటి గొడవ నా నెత్తికి చుట్టకండి. నా కూతురికి పెళ్ళిలోనే ఎకరం ఇచ్చాను.

అత్తిలి ఆడపడుచు: అయితే ఇంకెవరికి భయపడి దాస్తున్నారు?

వశిష్ఠ గట్టు: ఇద్దరూ కాస్త ఆగండి. నాకు ఆస్తి కన్నా ఇంకోటి బాధ. నాన్నగారిని పదకొండు రోజులు వెంటిలేటరు మీద ఉంచాం. ఆయన ఏమనేవారో మాకెవరికీ తెలియదు. తమ్ముడు ఉంచాలన్నాడు, నేను వద్దన్నాను. ఇప్పటికీ సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకుందట, చివరి దశలో వెంటిలేటరు లాంటివి కావాలో వద్దో ముందే రాసి పెట్టుకోవచ్చని. 2023 నుంచి ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు సంతకం, అంతే. నా నోట్‌బుక్కులో మొదటి పేజీ అదే.

పెన్షన్ మాస్టారు: ఆడపడుచు గారూ, అడిగారు కాబట్టి చెబుతున్నాను. రెండేళ్ళ కిందట మా అబ్బాయికి అన్నీ చూపించాను. అంతకుముందు ఆదివారం ఫోన్ చేస్తే షుగరెంతుంది, మోకాలెలా ఉందని అడిగేవాడు. చూపించిన దగ్గర్నుంచి కాలవ పక్క ఎకరం రేటెంత పలుకుతోందంటాడు. రొయ్యల చెరువుకు ఇచ్చేద్దామంటాడు. వాడు చెడ్డవాడు కాదు. కానీ నేను ఉండగానే నన్ను లెక్కలోంచి తీసేశాడు. అందుకే తాళం వేశాను.

లంక రైతు: ఈ మాట మొదటే చెబితే నామినీ గోల తప్పేది.

కువైట్ తమ్ముడు: వీలునామా రాయండి మాస్టారూ. తెల్లకాగితం మీద రాసినా ఇద్దరు సాక్షుల సంతకాలుంటే చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు.

అత్తిలి ఆడపడుచు: మీ బాధ అర్థమైంది. నేను ఘాటుగానే అన్నాను, ఏమనుకోకండి. ఒక్కటి చెప్పండి. మీ ఇంట్లో ఆవిడకైనా తెలుసా?

పెన్షన్ మాస్టారు: తాళంచెవి ఆవిడ కొంగునే ఉంటుంది. లోపల ఏముందో ఎప్పుడూ అడగలేదు.

అత్తిలి ఆడపడుచు: మీరు చెప్పారా?

పెన్షన్ మాస్టారు: (మర్నాడు) రాత్రి అన్నం తిన్నాక బీరువా తెరిచి ఆవిడకి ఒక్కొక్కటీ చూపించాను. అంతా విని, తనకీ డ్వాక్రా పొదుపు ఉందంది, ఎంతో చెప్పలేదు. పుస్తకం చూపించమంటే "నలభై ఏళ్ళకి ఇవాళ చూపించారు, నాకూ కొంచెం టైమివ్వండి" అంది.