సమస్యాపూరణం: "పాదుకొనెను మేడ పడినపిదప"

సమస్య ఇచ్చిన సభ్యుడు (విన్నిపెగ్):
ఛందస్సు ఆటవెలది. కెనడా గడ్డిమైదానాల నడుమ ఉన్న మా ఊళ్లో, పోర్టేజ్ అవెన్యూ మీద, ఈటన్స్ అనే ఎర్రిటుకల దుకాణం ఉండేది. 1905లో ఐదంతస్తులతో తెరిచి, బేరాలు పెరిగేకొద్దీ ఎనిమిదికి పెంచారు. చుట్టుపక్కల పల్లెల రైతులు ఆ కంపెనీ కేటలాగు చూసి బట్టలూ సామానే కాదు, ఇల్లు కట్టుకునే కలప కూడా తెప్పించుకున్నారు, అందుకే జనానికి అంత మమకారం. కంపెనీ దివాలా తీసి 1999లో కొట్టు మూసేసింది. కూల్చొద్దని జనం చేతులు కలిపి భవనం చుట్టూ నిలబడ్డారు, అయినా 2002లో పడగొట్టడం మొదలైంది. దీని మీదే రాయాలని లేదు గానీ, రాస్తే నాకు చాలా సంతోషం.

మొదటి పూరణ:
విన్నిపెగ్గులోన వెలసిన యీటన్సు
నూరు నిండకుండ నుగ్గుగాగ
మంచునగరివారి మనసులో లోతుగా
పాదుకొనెను మేడ పడినపిదప

మాస్టారు: యతులన్నీ కుదిరాయి. మనసులో పాదుకోవడం అందరికీ ముందు తట్టే దారే, కానీ "నూరు నిండకుండ" అన్నచోట పద్యం లేచి నిలబడింది. చరిత్ర కూడా అదే కదా.

రెండో పూరణ:
ఇటుకమేడ కూల్చి యెత్తిరి హాకీకి
కొత్తయాటశాల వింతగాను
నాటి పాదులందె నవ్యరూపముతోడ
పాదుకొనెను మేడ పడినపిదప

మాస్టారు: ఆలోచన నాకు నచ్చింది, సమస్యలోని వైరుధ్యం నిజంగా విడిపోయింది. రెండో పాదంలో యతి తప్పింది, కొ-విం కుదరదు. "గొప్పగాను" అంటే సరి. ఆటశాలను మేడ అనడం మాత్రం కొంచెం లాగినట్టుంది.

సమస్య ఇచ్చిన సభ్యుడు: లాగినా పర్లేదు మాస్టారూ, అదే స్థలంలో 2004 నవంబరులో ఆ హాకీ స్టేడియం తెరిచారు, ఇప్పుడు కెనడా లైఫ్ సెంటర్ అంటున్నారు.

మూడో పూరణ:
కాలిబూటు కొసను కరముల నిమురుచు
శుభము కోరువారి చూపులందు
కంచుబొమ్మ రూపు కదలక నిలువగా
పాదుకొనెను మేడ పడినపిదప

సమస్య ఇచ్చిన సభ్యుడు: అబ్బ, విగ్రహాన్ని పట్టుకున్నారా అక్కా! 1919లో ఉద్యోగులు చందాలేసుకుని కంపెనీ పెట్టిన టిమొతీ ఈటన్ విగ్రహం బహూకరించారు, బూటు కొస రుద్దితే కలిసొస్తుందని ఇక్కడ నమ్మకం. కానీ "కదలక" అనలేం, కొట్టు మూశాక దాన్ని తీసుకెళ్లిపోయారు, తర్వాత మళ్లీ స్టేడియంలోకే తెచ్చారు.

మాస్టారు: అయితే "కంచుబొమ్మ మరల గడపలో నిలువగా" అని మార్చమ్మా, క-గ యతి చెల్లుతుంది, జరిగినదీ చెప్పినట్టవుతుంది. మూడింటిలో నాకు ఇదే ఎక్కువ నచ్చింది, ఎందుకంటే మేడను పొగడకుండానే దాన్ని చూపించింది.

సమస్య ఇచ్చిన సభ్యుడు: వెనకవైపు కేటలాగు సరుకుల గోదాము మాత్రం ఇంకా ఉంది, సిటీప్లేస్ అంటారు. దాని మీద ఎవరైనా అందుకోండి, ఆదివారం దాకా చూస్తాను.