డీజిల్ బండికి ఆయిల్ క్యాచ్ క్యాన్ అవసరమా?

ఎండాడ డీజిల్:
నా బండి 2017 నాటి టర్బో డీజిల్, ఇప్పటికి 92,000 కిలోమీటర్లు తిరిగింది. గత నెల ఇంజిన్‌లోకి గాలిని చేర్చే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ విప్పించినప్పుడు, లోపల వేలు పట్టేంత సందు తప్ప మిగతాదంతా తారులాంటి మడ్డితో పూడుకుపోయి ఉంది. ఇంజిన్ లోపలి పొగను బయటికి తెచ్చే బ్రీదర్ పైపుకూ టర్బోకూ మధ్య, ఆయిల్ తుంపరను పట్టే డబ్బా, అదే క్యాచ్ క్యాన్, పెట్టిస్తే ఈ మడ్డి మళ్లీ చేరకుండా ఉంటుందా?

గాజువాక వాసి:
తప్పకుండా పెట్టించండి. పిస్టన్ రింగుల పక్కనుంచి ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్‌కేసులోకి దిగిన పొగ, ఆయిల్ తుంపరను వెంటబెట్టుకొని తిరిగి గాలి దారిలోకే వస్తుంది. కాలిన పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ తెచ్చే పొడి మసికి ఆ జిడ్డు తోడైతేనే గోడలకు అంత గట్టిగా అంటుకుంటుంది. అరకు వెళ్లి వచ్చిన ప్రతిసారీ నా డబ్బాలో రెండు మూడు చెంచాల సరుకు దిగుతోంది.

సింహాచలం రోడ్డు:
ఆ సరుకు ఏ రంగులో ఉంటుందో చెప్పగలరా?

గాజువాక వాసి:
పాలు కలిపిన కాఫీ రంగు.

సింహాచలం రోడ్డు:
అయితే అది నీరండీ. విశాఖ గాలిలోని తేమను డబ్బాలో పట్టి, ఆయిల్ పట్టానని మీరు సంబరపడుతున్నారు. పైగా ఆయిల్‌ను వేరుచేసే అరను చాలా ఇంజిన్లకు కంపెనీవారే పైకవరులో అమర్చి ఇస్తారు.

గాజువాక వాసి:
సముద్రాన్ని ఇందులోకి లాగకండి. లీటరు డీజిల్ కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది, అందులో కొంత రింగులు దాటి కిందికి వస్తుంది. నీరు కలిసింది కనుక ఆయిల్ లేదనడం, సాంబారులో నీళ్లున్నాయి కనుక పప్పు లేదన్నట్లుంది. కంపెనీవారి అర పెద్ద చుక్కలను ఆపుతుంది గానీ సన్నని తుంపర అంతటినీ ఆపలేదు, రింగులు అరిగిన బండిలో అసలే ఆపలేదు.

ఎంవీపీ పాతకాపు:
ఏది పెట్టించినా పైపును తిరిగి ఇన్‌టేక్‌కే కలపండి, గాలిలోకి వదిలే రకం వద్దు. వారంటీ ఉన్న బండి అయితే అసలు ముట్టుకోకండి.

ఎండాడ డీజిల్:
వారంటీ ఎప్పుడో ముగిసింది. మసి మాత్రం ఎలాగూ వస్తూనే ఉంటుంది కదా?

గాజువాక వాసి:
వస్తుంది. డబ్బా మసిని ఆపదు, మడ్డి కట్టడాన్ని తగ్గిస్తుంది.

సింహాచలం రోడ్డు:
తగ్గిస్తుందట! రెండేళ్ల క్రితం నాకు అమర్చిన డబ్బాలో ఇనుప పీచు కుక్కి ఇచ్చారు. అది పూడుకుపోయి, పొగకు దారి లేక క్రాంక్‌కేసులో పీడనం పెరిగి, వెనుక ఆయిల్ సీల్ తన్నేసింది. ఒక్క రబ్బరు చక్రం మార్చడానికి గేర్‌బాక్సు దించవలసి వచ్చింది. ఆ షెడ్డుకు నన్ను పంపినది ఎవరో ఇక్కడివారందరికీ తెలుసు.

గాజువాక వాసి:
పంపినది నేనే. వెయ్యి కిలోమీటర్లకొకసారి విప్పి చూడమని కూడా ఆనాడే రాశాను. ఎన్నిసార్లు విప్పారో చెప్పండి.

సింహాచలం రోడ్డు:
ఒక్కసారి కూడా విప్పలేదు, దాచవలసిన పని లేదు. మా బండిని డ్రైవరు నడుపుతాడు, నాకు బానెట్ ఎత్తే తీరిక లేదు. మీరు ఆదివారం ఆదివారం దాని ముందే కూర్చుంటారు కనుక మీకు అది పనిచేసింది. అడిగినవారు ఎలాంటివారో తెలుసుకోకుండా సలహా ఇచ్చారన్నదే నా బాధ, నీరా ఆయిలా అన్నది కాదు.

గాజువాక వాసి:
ఆ మాట మొదటే అని ఉంటే కాఫీ రంగు గురించి ఇంత గొడవ జరిగేది కాదు. అడగకపోవడం నా తప్పే. డబ్బా మీద మాత్రం నా మాట మారదు.

ఎండాడ డీజిల్:
స్టీల్‌ప్లాంటుకు రోజూ నేనే నడుపుకుంటాను, డిప్‌స్టిక్‌తో ఆయిల్ మట్టం చూసే అలవాటూ ఉంది. నా బ్రీదర్ పైపు లోపలి కొలత 19 మిల్లీమీటర్లు, షాపులో చూపించిన డబ్బా మూతికి చిటికెనవేలు కూడా పట్టలేదు. అది సరిపోతుందా?

సింహాచలం రోడ్డు:
సరిపోదు. నాకు అమర్చినది కూడా సన్నమూతి డబ్బాయే.

గాజువాక వాసి:
ఈ ఒక్క విషయంలో ఆయన మాట వినండి.